వీడియోకాన్ మిషనూ, మా ఇంటి చాకలి పద్దూ

ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి, వాషింగ్ మిషన్ అంటే ముందు గుర్తొచ్చే పేరు ఏమిటని. చాలామంది వీడియోకాన్ అనే అంటారు. ఎనభైల చివర్లో దూరదర్శన్‌లో దాని ప్రకటన వచ్చేది. ఇంగ్లీషు పాట. మా వీధి పిల్లల్లో ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ రాగం మాత్రం అందరికీ వచ్చు. కాస్త పెద్దయ్యాక అర్థం తెలిసింది. ఉతికేదీ అదే, జాడించేదీ అదే, ఆరబెట్టేదీ అదే, ఇక మీకు విశ్రాంతి అని దాని తాత్పర్యం. తెలుగు బీఏ చదివినదాన్ని కదా, తాత్పర్యం దగ్గర కాసేపు ఆగడం అలవాటు. ఆ చివర్లో చెప్పిన విశ్రాంతి మా అమ్మకి ఏ రోజున, ఏ పూట దొరికిందా అని చాలాసార్లు లెక్క వేసుకున్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

అలాంటి మిషన్ కొత్తది ఇప్పుడు మా చుట్టుపక్కల ఏ షాపులోనూ కనబడటం లేదు. మా పిల్లలకి ఆ పేరే తెలీదు. మీలో కొందరి పుట్టిళ్ళల్లో ఇంకా పెరట్లో ఓ మూల, పైన పాత దుప్పటి కప్పుకుని ఉండే ఉంటుంది.

మిషన్ కథ చెప్పాలంటే దానికి ముందు కథ చెప్పాలి.

మాది తెనాలి. ఊరి మధ్యలోంచే కాలవలు పోతాయి. మా చిన్నప్పుడు ఇంట్లో ఉతుకుడు రెండు రకాలు. రోజువారీ బట్టలు, అంటే లంగాలు, జాకెట్లు, తువ్వాళ్ళు, మా స్కూలు యూనిఫారాలు, అమ్మ దొడ్లో బండ మీద ఉతికేది. దుప్పట్లు, గలీబులు, నాన్న పంచెలు, పాంట్లు, అమ్మ నేత చీరలు చాకలికి వేసేవాళ్ళం. మామ్మది మడి కాబట్టి ఆవిడ చీర ఆవిడే తడుపుకుని, ఎవరికీ అందకుండా ఎత్తున దండెం మీద కర్రతో ఆరేసుకునేది. అది ఎవరి లెక్కలోకీ రాదు.

మా ఇంటికి వచ్చే ఆవిడ పేరు రాయను. మనవలు ఊళ్ళోనే ఉన్నారు. అమ్మకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా అమ్మని "అమ్మగారూ" అనేది, అమ్మ ఆవిడని "నువ్వు" అనేది. అప్పటి వరస అది. ఆదివారం పొద్దున్నే వచ్చి వసారాలో బట్టలన్నీ కుప్ప పోసి ఒక్కొక్కటే పక్కకి వేస్తూ పైకి లెక్కపెట్టేది. అమ్మ రూళ్ళ పుస్తకంలో రాసుకునేది. దుప్పట్లు నాలుగు, గలీబులు ఆరు, పంచెలు మూడు, ఇలా. చాకలి పద్దు అంటే అదే. మా కాలేజీలో ఒక మాస్టారు నస పెట్టే పద్యాల్ని "చాకలి పద్దులా ఉంది" అని వెక్కిరించేవారు. ఆ పోలిక నాకు నచ్చేది కాదు. ఇంట్లో ఆడవాళ్ళ చేతిపనుల్లో కాగితం మీద లెక్క ఉన్న పని నాకు తెలిసి అదొక్కటే. వంటకి పద్దు లేదు, అంట్లకి పద్దు లేదు.

ఆవిడకి అక్షరాలు రావు. వేర్వేరు ఇళ్ళ బట్టలు కలిసిపోకుండా నల్లజీడి గుర్తులు పెట్టేది. నల్లజీడి గింజని సూదితో గుచ్చి ఆ రసంతో బట్ట అంచున చుక్కో గీతో పెడితే, గాలి తగిలాక నల్లబడి ఇక జన్మలో పోదు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతుంది. మా ఇంటి గుర్తు రెండు చుక్కలు, కింద అడ్డగీత. మా నాన్న పంచె ఏదైనా ఇప్పటికీ ఆ అంచు చూసి గుర్తుపట్టగలను.

రేవు దగ్గర పని ఎలా ఉండేదో చూడని వాళ్ళకి కొంచెం చెప్పాలి. తెల్లబట్టలకి పూర్వం చౌడు మట్టి నీళ్ళు, మా కాలానికి చాకలి సోడా. తడిపిన బట్టల్ని పెద్ద బాన మీద చుట్టూ పేర్చి కింద మంట పెట్టి రాత్రంతా ఆవిరి పట్టించేవాళ్ళు. దాన్నే ఉబ్బ వెయ్యడం అంటారు. తెల్లారాక నడుముల్లోతు నీళ్ళలో నుంచుని రాతికేసి బాదడం, కాలవ గట్టున పరిచి ఆరెయ్యడం, మళ్ళీ నీలిమందు, గంజి, చివర్న బొగ్గుల ఇస్త్రీ. ఒక్క దుప్పటి మా ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రావడానికి వారం పట్టేది. చలువ బట్టల వాసన అని ఒకటుంటుంది, గంజీ ఎండా కలిసినది. ఆ వాసన ఏ లిక్విడ్ డిటర్జెంటు సీసాలోనూ రాలేదు నాకు.

ఇదంతా తియ్యటి జ్ఞాపకంలా వినిపిస్తే అది నా రాతలో లోపం గానీ నిజం కాదు. ఆవిడ కాళ్ళ వేళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగా పాసిపోయి ఉండేవి. పల్లెల్లో కోతలప్పుడు కళ్ళంలో మేర ఇచ్చేవాళ్ళు, అంటే ఏడాది చాకిరీకి ఇన్ని కుంచాలని ధాన్యం. మా టౌన్లో నెలకింత డబ్బు, సాయంత్రం గిన్నెలో అన్నం. పెళ్ళిలో పెళ్ళికూతురు నడవడానికి చీర పరవాలన్నా ఆవిడే రావాలి. పురిటి బట్టలకీ ఆవిడే, చావు మైలకీ ఆవిడే. ఆడవాళ్ళ నెలసరి గుడ్డలకీ ఆవిడే, ఆ మాట మళ్ళీ ఎత్తుతాను. చిట్యాల ఐలమ్మ ఈ కులంలోంచే వచ్చి పాలకుర్తిలో దొరల మీద తన పొలం కోసం నిలబడింది. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆవిడ పేరు పెట్టినప్పుడు, "చాకలి" అన్న మాట ఆడపిల్లల సర్టిఫికెట్ల మీదికి ఎక్కుతుందంటే నాకు చాలా సంతోషం వేసింది. మా చిన్నప్పుడు ఆ మాటని తిట్టులా వాడేవాళ్ళు.

ఇక మిషన్ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. అమెరికాలో 1937లోనే బెండిక్స్ అనే కంపెనీ బట్టలు వేసి మీట తిప్పితే మొత్తం తనే చేసే మిషన్ తెచ్చింది. ముందు గుండ్రటి అద్దం తలుపు. తిరిగేటప్పుడు ఎంత కుదిపేదంటే దాన్ని నేలకి బోల్టులేసి బిగించాల్సి వచ్చేది. బెండిక్స్ పేరు కూడా తర్వాత చేతులు మారి మారి అక్కడి ఇళ్ళల్లోంచి పోయింది. మన ఇళ్ళకి వచ్చిన మిషన్ది మాత్రం ఆ వంశం కాదు, వేరే వంశం. ఇంగ్లండు పక్కన వేల్స్‌లో మెర్థిర్ టిడ్‌ఫిల్ అనే ఊళ్ళో హూవర్ వాళ్ళు 1948లో ఒక చిన్న మిషన్ చెయ్యడం మొదలుపెట్టారు. తొట్టి గోడకి ఒక చక్రం ఉంటుంది. అది గిర్రున తిరిగి నీళ్ళని సుడి తిప్పుతుంది, ఆ సుడిలో బట్టలు నలుగుతాయి. పిండటానికి పైన చేత్తో తిప్పే రోలర్లు, చెరుకు రసం బండికి ఉన్నట్టు. జపాన్‌లో శాన్యో కంపెనీ ఈ పద్ధతే పట్టుకుని 1953లో తన మిషన్ తీసింది, జపాన్ ఇళ్ళకి సరిపోయే ధరలో. ఆ దశాబ్దంలో జపాన్ వాళ్ళు ప్రతి ఇంటికీ కావాల్సిన మూడు నిధులని చెప్పుకునేవారట, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మిషన్. తర్వాత ఆ రోలర్ల స్థానంలో పిండటానికి విడిగా ఇంకో తొట్టి పెట్టారు. అదీ మనకి తెలిసిన జంట తొట్ల మిషన్. ఉతికే తొట్టి అడుగున చక్రం, పక్కన నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగే సన్నటి పిండే తొట్టి.

మన దేశంలో ఎనభైల్లో కంపెనీలు బయటి పరిజ్ఞానం తెచ్చుకుని ఇక్కడ చెయ్యడం మొదలుపెట్టాయి. ఔరంగాబాద్ ధూత్ కుటుంబం వాళ్ళ వీడియోకాన్, శాన్యోతో పొత్తు పెట్టుకున్న బీపీఎల్, అమెరికా కంపెనీతో కలిసి పాండిచ్చేరిలో తయారుచేసిన టీవీఎస్ వర్ల్‌పూల్. మా పిన్ని వాళ్ళది టీవీఎస్. బ్యాంకు ఉద్యోగం వాళ్ళది, మాకంటే ఓ మెట్టు పైన. పిన్ని ఆ పేరు మొత్తం పలికేది ఎప్పుడూ, సగంలో ఆపేది కాదు.

మన ఆడవాళ్ళు ఈ జంట తొట్ల మిషన్‌నే ఎందుకు పట్టుకున్నారంటే కారణం నీళ్ళు. పూర్తి ఆటోమేటిక్ మిషన్‌కి పైన ట్యాంకు ఉండాలి, కొళాయిలో నీళ్ళు ఒత్తిడితో రావాలి. మాకు మునిసిపాలిటీ నీళ్ళు పొద్దున ఓ గంట, సన్నటి ధార. ఈ మిషన్‌కైతే గాబులోంచి బక్కెట్టుతో ముంచి పోసుకోవచ్చు. పైగా ఒకసారి కలిపిన సబ్బు నీళ్ళని మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. అమ్మకి వరస ఉండేది. ముందు తెల్లవి, తర్వాత లేతరంగులు, తర్వాత ముదురువి, ఆఖర్న కాళ్ళు తుడుచుకునే పట్టాలు. అప్పటికి నల్లగా అయిన ఆ నీళ్ళని గొట్టం ఎత్తి దొడ్డి గచ్చు మీదికి వదిలి చీపురుతో కడిగేది. ఒక్క చెంబు సబ్బు నీళ్ళు వృథాగా పోనిచ్చేది కాదు. కరెంటు పోతే ఆటోమేటిక్ మిషన్ బట్టల్ని కడుపులో పెట్టుకుని కూర్చుంటుంది. దీంట్లోంచి చెయ్యి పెట్టి తీసేసుకోవచ్చు. పంజాబ్ ధాబాల్లో ఇలాంటి మిషన్‌తోనే లస్సీ చిలుకుతారని చెప్పుకునేవాళ్ళు. మూత తీసి నీళ్ళ సుడి చూసినవాళ్ళెవరికైనా ఆ ఆలోచన రావడంలో వింత లేదు.

మా ఇంటికి అది 1990లో వచ్చింది. నాన్న బడిపంతులు, మూడు నెలల జీతం దానికి. కొంత అమ్మ చీటీ పాడిన డబ్బు. రిక్షాలో అట్టపెట్టె దిగగానే వీధి వీధంతా వచ్చింది. మామ్మ పసుపూ కుంకుమా పెట్టించి కొబ్బరికాయ కొట్టించింది. తన చీర మాత్రం దాంట్లో వెయ్యనివ్వలేదు, చివరిదాకా. అమ్మ దాన్ని తడి తగలకుండా చెక్క పీట మీద పెట్టించి, వాడనప్పుడు ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేది. టీవీకి ఒక గుడ్డ, దీనికి ఒక గుడ్డ.

ఎలా నడిచేదో చెప్తాను, ఇప్పటి వాళ్ళు నమ్మరు. ఎడమ తొట్టిలో నీళ్ళు పోసి, సర్ఫో నిర్మానో కలిపి, బట్టలు వేసి టైమర్ మర తిప్పాలి. కీ ఇచ్చిన గడియారంలా టిక్కు టిక్కుమంటూ మర వెనక్కి వస్తుంటే చక్రం కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుంది. పదిహేను నిమిషాలు. ఆగాక సబ్బు నీళ్ళు వదిలెయ్యాలి లేదా దాచుకోవాలి. బట్టల్ని చేత్తో ఎత్తి కుడి తొట్టిలో సమంగా సర్దాలి. సమంగా సర్దకపోతే మిషన్ మొత్తం పూనకం వచ్చినట్టు ఊగుతుంది. పైన పల్చటి ప్లాస్టిక్ పళ్ళెం నొక్కి, మూత వేసి, ఇంకో టైమర్. మళ్ళీ ఎడమ తొట్టిలో మంచినీళ్ళు, మళ్ళీ జాడింపు, మళ్ళీ కుడి తొట్టి. జాడింపు రెండుసార్లు చేస్తేనే అమ్మకి తృప్తి. అంతకంటే ముందు, మిషన్‌లో వెయ్యడానికి ముందే, కాలర్లూ చేతుల అంచులూ పాంట్ల కింది అంచులూ బండ మీద సబ్బు పెట్టి బ్రష్షుతో రుద్దేది. మిషన్‌లో వెయ్యడానికి ఉతికేది అన్నమాట. నవ్వకండి, మీరూ చేస్తారు.

చాకలి ఆవిడ మొదటిసారి దాన్ని చూసిన రోజు నాకు బాగా గుర్తు. ఎప్పట్లాగే ఆదివారం వచ్చింది. మిషన్ చుట్టూ ఓసారి తిరిగింది. మూత ఎత్తి లోపలికి చూసింది.

"గంజి పెడతదా అమ్మగారూ?"

"పెట్టదు."

"ఇస్త్రీ?"

"అదీ చెయ్యదు."

"ఉబ్బ?"

అమ్మ నవ్వింది. ఆవిడా నవ్వింది. "మరి ఇంత డబ్బు పోసి ఎందుకు కొన్నారో" అంటూ వసారాలోకి వెళ్ళి బట్టలు కుప్ప పోసింది. ఆ వారం మూట చిన్నదైంది. దుప్పట్లు లేవు. పై వారం పాంట్లు లేవు. ఎవరూ ఎవరితోనూ మానెయ్యమని అనలేదు. మూటే తగ్గుతూ వచ్చింది. చివరికి గంజి చీరలు, పంచెలు మిగిలాయి. ఆ తర్వాత అమ్మ పాలిస్టర్ చీరల్లోకి మారింది, నాన్న పంచెలు మానేసి లుంగీల్లోకి మారారు. అది మిషన్ చేసిన పని కాదు, కాలం చేసిన పని. కానీ రెండూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ కొడుకు నాలుగు చక్రాల బండి మీద ఇస్త్రీ పెట్టుకున్నాడు. ఉతుకుడు మేం తీసుకున్నాం, ఇస్త్రీ వాళ్ళకి మిగిలింది.

మేం అంటే ఎవరం? అమ్మే. నా లెక్క ఇక్కడే మొదలవుతుంది.

మిషన్ రాకముందు దుప్పట్ల విషయంలో అమ్మ పని వారానికి పది నిమిషాలు, పుస్తకంలో రాయడం, తిరిగొచ్చాక సరిచూడటం. మిషన్ వచ్చాక వారానికి నాలుగు రోజులు, రోజుకి గంటన్నర ఆ మిషన్ పక్కన నిలబడే ఉండేది. మధ్యలో పప్పు చూసొచ్చేది, పాలు దించొచ్చేది, టైమర్ చప్పుడు ఆగగానే పరుగెత్తుకొచ్చేది. అంతేకాదు, ఉతికే బట్టలే పెరిగాయి. అంతకుముందు దుప్పటి పదిహేను రోజులు పరుచుకునేవాళ్ళం, ఇప్పుడు వారం కాగానే "మిషన్ ఉందిగా" అనేవాళ్ళం. నేనూ అన్నయ్యా ఒకసారి తొడిగిన యూనిఫాం రెండో రోజు తొడగడం మానేశాం. చుట్టాలొస్తే వాళ్ళ బట్టలూ దాంట్లోకే. "మిషన్ ఉందిగా" అనే మాట మా ఇంట్లో ఎంత వాడామో! ఆ మాటలో అమ్మ లేదు చూశారా.

రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకం రాసింది, "మోర్ వర్క్ ఫర్ మదర్" అని. పేరులోనే ఉంది కదా, అమ్మకి ఇంకాస్త పని అని. ఆవిడ చెప్పేదాని సారం ఇది. అమెరికా ఇళ్ళల్లో మిషన్లు రాకముందు ఇంటి పనిలో మగవాళ్ళకీ పిల్లలకీ పనివాళ్ళకీ బయటి లాండ్రీలకీ వాటా ఉండేది. మిషన్లు వచ్చి ఒళ్ళు హూనం కావడం తగ్గించాయి, నిజమే. కానీ మిగతా అందరి వాటానీ తగ్గించి మొత్తం ఇల్లాలి ఒక్కదాని మీదికి తెచ్చాయి. దాంతోపాటు శుభ్రం ఎంత ఉండాలనే కొలత కూడా పెరిగింది. నేనది చదివినప్పుడు మా తెనాలి వసారా కళ్ళకి కట్టింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి మా దొడ్డి!

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, అదీ చెప్పాలి. స్వీడన్‌కి చెందిన హాన్స్ రోస్లింగ్ అనే డాక్టరు 2010లో ఒక ప్రసంగం చేశాడు. వాళ్ళింటికి మొదటిసారి వాషింగ్ మిషన్ వచ్చినప్పుడు జీవితమంతా కట్టెల మంట మీద నీళ్ళు కాచి ఉతికిన వాళ్ళ నానమ్మ మీట తను నొక్కుతానని అడిగి, కుర్చీ వేసుకుని మొదటినుంచి చివరిదాకా చూస్తూ కూర్చుందట. వాళ్ళమ్మకి మిగిలిన టైములో కొడుకుని లైబ్రరీకి తీసుకెళ్ళేదట. వాళ్ళది తిరిగి చూసుకోనక్కర్లేని మిషన్. రేవు కూడా వాళ్ళమ్మదే, మధ్యలో పనివాళ్ళు లేరు. అందుకని అక్కడ మిగిలింది, మా ఇంట్లో మిగల్లేదు అనుకుంటాను. రెండూ నిజాలే.

మన ప్రభుత్వం దేశమంతా అడిగి లెక్క తీసిన కాల వినియోగ సర్వేలు రెండున్నాయి. 2019లో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. 2024లో ఆడవాళ్ళది 289కి తగ్గింది. మగవాళ్ళదీ తగ్గింది, 88కి. మనకి పది నిమిషాలు కలిసొస్తే వాళ్ళకీ తొమ్మిది కలిసొచ్చాయన్నమాట. వాటా పంచుకోవడంలో మాత్రం సమానం!

నెలసరి గుడ్డల మాట మళ్ళీ ఎత్తుతానన్నాను. పూర్వం ఆ బట్టలు వేరే మూటగా చాకలికే వెళ్ళేవి. మామ్మ కాలంలో అది మామూలే. ఇంకో ఆడమనిషి చేత ఆ పని చేయించడంలో ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. అమ్మ కాపురానికి వచ్చాక మూడో నెలలోనే ఆ మూట ఇవ్వడం మానేసి రాత్రి పూట దొడ్లో తనే ఉతుక్కునేది. ఎందుకు మానేశావని ఈ మధ్య అడిగితే, "ఆవిడ మా అమ్మ వయసులో ఉండేది, నాకు చేతులు రాలేదు" అంది. మిషన్ వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు, ఇంకో రెండేళ్ళకి నాకూ ఆ అవసరం వచ్చింది. ఆ గుడ్డలు మిషన్‌లోకి ఎప్పుడూ వెళ్ళలేదు. మామ్మ ఊరుకోదు, అమ్మా ఊరుకోదు. అంత గొప్ప మిషన్ వసారాలో ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుకుని నిద్రపోతుంటే మేమిద్దరం రాత్రి తొమ్మిదికి బావి పక్కన లాంతరు పెట్టుకుని బండ మీద రుద్దేవాళ్ళం. ప్రకటనల్లో చూపించే బట్టలన్నీ తెల్లచొక్కాలూ పిల్లల గౌన్లూనే కదా. నా పెళ్ళయ్యాక నా మిషన్‌లో ముందు నా బట్టలన్నీ, ఏ తేడా లేకుండా, వేశాను. మా అత్తగారు చూశారు గానీ ఏమీ అనలేదు. ఆవిడ మీద నాకున్న గౌరవానికి మొదటి కారణం అది.

అమ్మకి ఇప్పుడు డెబ్భై మూడు. "మిషన్ వచ్చాక సుఖపడ్డావా?" అని సూటిగా అడిగాను. కాస్త ఆలోచించింది. "వానాకాలం సుఖపడ్డాను" అంది. ముసురు పట్టినప్పుడు నీళ్ళోడుతున్న బట్టలు ఇల్లంతా తాళ్ళు కట్టి ఆరేసేవాళ్ళం, ముక్క వాసన. పిండే తొట్టి వచ్చాక ఐదు నిమిషాల్లో సగం ఆరిపోయి బయటికొచ్చేవి, ఫ్యాను కింద వేస్తే పొద్దుటికి పొడి. "నడుము కూడా. దుప్పటి పిండటం అంటే మీ నాన్నని ఒక కొస పట్టుకోమనేదాన్ని. ఆయన పట్టుకునేవారు కాదు." తనకి లాభమైనదేమిటో అమ్మ ఇంత ఖచ్చితంగా చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

ఆ కంపెనీల సంగతికొస్తే, 1995లో శామ్‌సంగ్, 1997లో ఎల్జీ మన దేశానికి వచ్చాయి. షాపుల్లో ముందువరస వాళ్ళదైంది. పిన్ని వాళ్ళ మిషన్ పేరులో టీవీఎస్ 1990ల మధ్యలోనే పోయింది, వర్ల్‌పూల్ ఒక్కటే మిగిలింది. వీడియోకాన్ మాత్రం పెరుగుతూనే పోయింది. 2005లో ఎలక్ట్రోలక్స్ వాళ్ళ భారతదేశపు వ్యాపారాన్నీ, థామ్సన్ వాళ్ళ టీవీ పిక్చర్ ట్యూబుల వ్యాపారాన్నీ కొన్నది. లావు టీవీల కాలం అయిపోతున్నప్పుడు ట్యూబులు కొన్నది మరి. ఫోన్లలోకి దిగింది. 2012లో సుప్రీంకోర్టు రద్దుచేసిన 122 టెలికాం లైసెన్సుల్లో దానివీ ఉన్నాయి. అప్పులు మీద పడి 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మూలపురుషుడు శాన్యో కూడా మిగల్లేదు, దాన్ని పానసోనిక్ కలుపుకుంది, దాని వాషింగ్ మిషన్ల విభాగాన్ని చైనా కంపెనీ హయర్ తీసుకుంది. మెర్థిర్ టిడ్‌ఫిల్‌లో హూవర్ వాషింగ్ మిషన్ల తయారీ 2009లో ఆగిపోయింది.

నేనిప్పుడుండేది హైదరాబాదులో. మా అపార్టుమెంటు గేటు దగ్గర ఇస్త్రీ చేసే అతను నల్గొండ వైపు రజకుడు. తెలంగాణలో లాండ్రీలకీ ధోబీఘాట్లకీ 2021 ఏప్రిల్ నుంచి నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితం. బొగ్గుల పెట్టె మానేసి కరెంటు ఇస్త్రీలోకి మారాడు. దుప్పట్లు ఉతకడం కూడా మళ్ళీ మొదలుపెట్టాడు, షాపు వెనక మిషన్ పెట్టుకుని. మా అంతస్తులో ఉద్యోగాలు చేసే అమ్మాయిలు దుప్పట్లన్నీ అతనికే ఇస్తున్నారు. ఫోన్లో ఫోటో తీసి లెక్క పంపుతాడు. నేనూ ఇవ్వడం మొదలుపెట్టాను.

మా తెనాలి మిషన్ పదిహేడేళ్ళు పనిచేసింది. మధ్యలో ఒకసారి ఎలుక నీళ్ళ గొట్టం కొరికితే సైకిలు ట్యూబు చుట్టి నడిపించాం. 2007లో పాతసామాన్ల అతను తూకానికి తీసుకెళ్ళాడు. పిండే తొట్టి మాత్రం అమ్మ ఊడదీయించి అట్టేపెట్టుకుంది, అడుగున బెజ్జాలున్నాయి, కరివేపాకు మొక్కకి బాగుంటుందని. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అటక మీద రూళ్ళ పుస్తకం కూడా దొరికింది. అట్ట ఊడిపోయింది. చివరి చాకలి పద్దు 1991 ఆగస్టుది. పంచె ఒకటి, గంజి చీరలు రెండు, కింద అమ్మ అక్షరాలతో "చెల్లు". ఆ పక్క పేజీ నుంచి పాల లెక్క మొదలైంది.